సత్తిబాబుకి, సాయ్ వాన్ రేవు పక్కనుంచి

హాంకాంగ్,
2023 నవంబరు.

ఒరేయ్ సత్తిబాబూ,

నీ వాయిస్ మెసేజ్ మూడుసార్లు విన్నాను. వెనకాల ఆటో హారన్లు, ఎవడో "ఆయ్, ఉందండీ" అనడం, మధ్యలో నీ దగ్గు. సగం మాటలు వినపడలేదు. మిగిలిన సగంలో నువ్వు అడిగింది మాత్రం అర్థమయింది. "అక్కడ సాయంత్రాలు ఎక్కడ కూర్చుంటార్రా, మనకి కాకినాడలో ఉప్పుటేరు గట్టు ఉన్నట్టు మీకేమన్నా ఉందా?" అన్నావు. ఉండేది. ఆ "ఉండేది" గురించి ఫోన్‌లో చెబితే నువ్వు మధ్యలో ఆపి బియ్యం రేటు ఎత్తుకుంటావు. అందుకే రాస్తున్నా. టీ పెట్టుకుని కూర్చో, పెద్ద ఉత్తరమే.

నేను 2016లో ఇక్కడికి వచ్చినప్పుడు ఇల్లు దొరికింది షెక్ టాంగ్ చూయ్ అనే పేటలో. హాంకాంగ్ దీవికి పడమటి వైపు. ఈ వైపునంతా కలిపి సాయ్ వాన్ అంటారు. అప్పటికి ఏడాదిన్నర కిందటే, అంటే 2014 డిసెంబరులో, అక్కడికి మెట్రో వచ్చింది. అంతకుముందు ట్రామో బస్సో ఎక్కి ఊగుకుంటూ రావాల్సిందే. మెట్రో వచ్చాక అద్దెలు పెరిగాయి, కాఫీ షాపులొచ్చాయి. అయినా మా వీధిలో ఇంకా పాత వాసన పోలేదు. వాసన అంటే నిజంగానే వాసన. ట్రామ్‌లో నాలుగు స్టాపులు వెనక్కి వెళ్తే వీధికి రెండువైపులా ఎండు చేపల కొట్లు. ఉప్పు చేపలు, ఎండు రొయ్యలు, ఏవేవో గవ్వల్లో మాంసం, అన్నీ బుట్టల్లో పోసి పేవ్‌మెంట్ మీదే. మొదటిరోజు ఆ ట్రామ్ కిటికీలోంచి గాలి లోపలికి కొట్టగానే, ఒట్టు, కుంభాభిషేకం రేవు దగ్గర దిగాననుకున్నా. మా ఆవిడ ముక్కు మూసుకుంది. తనది విజయవాడ కదా, తప్పు పట్టకూడదు.

ఇల్లు గురించి చెప్తే నవ్వుతావు. ఇక్కడి ప్రభుత్వం 2021లో జనాభా లెక్కలు తీస్తే, ఇళ్ళలో మనిషి ఒక్కడికి పడే జాగా మధ్యస్థంగా 16 చదరపు మీటర్లని తేలింది. మన లెక్కలో పంతొమ్మిది గజాలు. మీ ఇంట్లో తులసికోట చుట్టూ అంతకంటే ఎక్కువ ఖాళీ ఉంటుంది. మా ఇంట్లో ఒకళ్ళు బట్టలు మడతపెడుతుంటే ఇంకొకళ్ళు మంచం ఎక్కి కూర్చోవాలి. అలాంటి ఇంట్లో సాయంత్రం ఆరయ్యేసరికి ఊపిరాడదు. ఎటైనా పోవాలి. ఎటు పోతాం? పార్కులున్నాయి, శుభ్రంగానే ఉంటాయి. కానీ గేటు దగ్గరే ఒక బోర్డు, దాని మీద ఎర్ర గీత కొట్టిన బొమ్మలు. కుక్క వద్దు, సైకిల్ వద్దు, బంతి వద్దు, గడ్డి మీద పడుకోవద్దు. ఒక పార్కులో పాప చేతిలో నిమ్మకాయంత బంతి ఉంటే ఒక పెద్దాయన వచ్చి చేతులూపుతూ వద్దన్నాడు. ఆయన తప్పేం లేదులే, ఆయన ఉద్యోగం అది.

అలా ఒకరోజు ఊరికే సముద్రం ఎటుందా అని నడుస్తూ, ఫ్లైఓవర్ కిందనుంచి దాటి, లారీలు వెళ్ళే ఒక గేటులోంచి లోపలికి వెళ్ళిపోయాం. ఎవరూ ఆపలేదు. లోపల పెద్ద సిమెంటు జాగా, అందులోంచి నీళ్ళలోకి పొడుగ్గా వెళ్ళిన రేవులు. ఒకవైపు కంటైనర్లు, ఒకవైపు ప్లాస్టిక్ కాగితం చుట్టిన సరుకు దొంతర్లు, ఒకవైపు కుప్పలు కుప్పలుగా వెదురు బొంగులు. అంచుకి రెయిలింగ్ లేదు. బెంచీ లేదు. సిమెంటు అయిపోయిన చోట సముద్రం మొదలు, అంతే. ఎదురుగా దూరాన లాంటావ్ దీవి కొండలు, కుడివైపు స్టోన్‌కటర్స్ వంతెన రెండు స్తంభాలు, వాటి వెనక పెద్ద కంటైనర్ పోర్టు క్రేన్లు. సూర్యుడు దిగుతున్నాడు. ఆ సిమెంటు నిండా జనం.

జనం అంటే ఎలాంటి జనం అనుకున్నావు! గాలానికి ఎర గుచ్చుకునే ముసలాళ్ళు. ఆఫీసు బ్యాగు పక్కన పడేసి బీరు డబ్బా తెరిచినవాడు. యూనివర్సిటీ పిల్లలు గుంపుగా కూర్చుని గిటారు. ఒక పెద్దావిడ ఎవరినీ పట్టించుకోకుండా నెమ్మదిగా చేతులు తిప్పుతూ తాయ్ చీ. నాలుగు కుక్కలు, తాళ్ళు లేకుండా. తెల్ల గౌను పెళ్ళికూతురు ఒకత్తె గౌను కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, కింద స్పోర్ట్స్ బూట్లతో నడుస్తోంది, వెనక ఫొటోగ్రాఫర్. వీళ్ళందరి మధ్యలోంచి ఒక ఫోర్క్‌లిఫ్ట్ బీప్ బీప్ అంటూ వస్తే జనం అలవాటుగా పక్కకి జరిగి, అది పోగానే మళ్ళీ కలిసిపోయారు. మన గాంధీనగరం రోడ్డులో ఆవు నడిచొస్తే బళ్ళు తప్పుకున్నట్టు.

నేను ఒక వెదురు కుప్ప పక్కన నిలబడిపోయాను. ఇక్కడ ఎన్ని అంతస్తులకైనా పరంజా ఎక్కువగా వెదురుతోనే కడతారు తెలుసా? మన మేస్త్రీలు సరుగుడు కర్రలు వాడినట్టు. సన్నవి, లావువి రెండు రకాలు. నలభై అంతస్తుల మేడకి కూడా చుట్టూ బొంగులు నిలబెట్టి పట్టీలతో ముళ్ళు వేస్తారు. ఆ బొంగులు పడవల్లో వచ్చి దిగే చోట్లలో ఇదొకటి. అవి నిలువుగా గోడకి ఆనించి పెట్టి ఉంటే, వాటి ముందు నిలబడి ఆడపిల్లలు ఫొటోలు. ఊరి వెనకవైపు ఎవరికీ పట్టని సరుకు ఇక్కడ బ్యాక్‌గ్రౌండ్.

ఈ చోటుకి అందరూ పెట్టుకున్న పేరు ఇన్‌స్టాగ్రామ్ పియర్. అసలు పేరు మాత్రం వెస్టర్న్ డిస్ట్రిక్ట్ పబ్లిక్ కార్గో వర్కింగ్ ఏరియా. 1981లో మొదలయింది, ఇక్కడి మెరైన్ డిపార్ట్‌మెంట్ కింద నడుస్తుంది. ఆ పేరులో "పబ్లిక్" చూసి నేను మన కోసమే అనుకున్నా. కాదట. ఫలానా కంపెనీ సొంత రేవు కాకుండా, బెర్తులు పాడుకున్న చిన్నా పెద్దా సరుకు వాళ్ళు ఎవరైనా దింపుకునే రేవు అని ఆ మాటకి అర్థం. అంటే పేరులో పబ్లిక్ ఉన్నది సరుకు కోసం. జనం మాత్రం ఆ పేరును తమకి తగ్గట్టు చదువుకున్నారు.

ఇప్పుడు నీకు నచ్చే ముక్క చెప్తా. ఆ రేవు పక్కన కట్టి ఉన్న పడవలు ఏంటనుకున్నావు? బార్జీలురా! అచ్చం మన బార్జీలే. వాటికి మధ్యలో ఒక పెద్ద ఇనప చెయ్యి అదనం. హాంకాంగ్‌లో పెద్ద ఓడలన్నీ గట్టుకి రావు. కొన్ని నీళ్ళ మధ్యలో లంగరేసుకుని నిలబడతాయి. ఈ బార్జీలు వాటి పక్కకి వెళ్ళి, సొంత క్రేనుతో సరుకు దింపుకుని, ఇలాంటి రేవులకి తెస్తాయి. మీ నాన్నగారు జీవితమంతా చేసింది ఇదే కదా. హోప్ ఐలాండ్ మాటున లంగరేసిన ఓడ దగ్గరికి ఉప్పుటేరులోంచి బియ్యం బస్తాల బార్జీ తీసుకెళ్ళడం, ఖాళీగా తిరిగి రావడం. కాకినాడ పోర్టు ఎక్కడుందిరా అని ఎవరైనా అడిగితే మనం సముద్రంలోకి వేలు చూపించేవాళ్ళం, గుర్తుందా? "అదిగో, ఆ నీళ్ళ మధ్యలో ఉంది." ఆరు వేల రూపాయల అద్దెకి ఆరడుగుల గది ఇచ్చే బెంగళూరు చూశాను, హైదరాబాదు చూశాను, ఎక్కడా నాకు ఇల్లు గుర్తు రాలేదు. ఈ ఊళ్ళో, ఒక బార్జీ మీద బనీనుతో నిలబడి తాడు విసురుతున్నవాణ్ణి చూసి గుర్తొచ్చింది. మీ నాన్నగారు తాడు విసిరేముందు నోట్లో బీడీ ఒక మూలకి జరిపేవారు చూడు. వీడు సిగరెట్టు అలాగే జరిపాడు. సరంగులందరికీ అది ఎవరైనా నేర్పిస్తారా ఏం?

ఆ రోజు నుంచి వారానికి మూడు నాలుగు సాయంత్రాలు అక్కడే. ఒక పాత చాప, ఫ్లాస్కులో టీ, జంతికలు. వానాకాలంలో తమాషా ఇంకోటి. వాన వెలిశాక సిమెంటు గుంటల్లో నీళ్ళు నిలుస్తాయి. ఆ మడుగు పక్కన ఫోన్ తలకిందులుగా పెట్టి తీస్తే ఆకాశం కిందా పైనా వస్తుంది. దానికోసం లైన్లో నిలబడేవాళ్ళు. ఎండాకాలంలో మడుగు లేకపోతే? ఒక కుర్రాడు రెండు లీటర్ల మంచినీళ్ళ బాటిల్ తెచ్చి, జాగ్రత్తగా, ముగ్గు పోసినట్టు నేలమీద పోస్తున్నాడు. పోసి, వంగి చూసి, చాలక మళ్ళీ పోశాడు. వెనక నలుగురు ఆ మడుగు కోసమే ఎదురుచూస్తున్నారు. అటుగా సరుకు ట్రాలీ తోసుకుంటూ వచ్చిన కూలీ ఒకాయన ఆగి, ఆ నీళ్ళకేసి చూసి, వీళ్ళకేసి చూసి, ట్రాలీని చుట్టు తిప్పుకుని వెళ్ళాడు. చూడు, చక్రం ఆ మడుగులో పడకుండా! నేనైతే తొక్కించుకునే పోయేవాణ్ణి.

2018లో, పాపకి నాలుగేళ్ళు. అంచుకి పది అడుగుల దూరంలో ఓడల్ని తాడుతో కట్టే ఇనప గుంజ ఉంటే దానిమీద కూర్చోబెట్టాను. కాళ్ళూపుతూ కూర్చుంది. ఒక్క ఊపు గట్టిగా ఊపింది, ఎర్ర రబ్బరు చెప్పు గాల్లోకి లేచి, ఒకసారి సిమెంటు మీద పడి ఎగిరి, టప్‌మని నీళ్ళలో. ఇక ఏడుపు. ఊరంతా వినపడే ఏడుపు. పక్కన గాలం వేసుకుంటున్న ముసలాయన, మేం అక్కడ కూర్చున్న రెండేళ్ళలో మాతో ఒక్క మాట మాట్లాడలేదు, లేచాడు. చేప కోసం వేసిన గాలం లాగేసుకుని, ఎర పీకేసి, ఇంకో పెద్ద కొక్కెం కట్టాడు. అంచున గొంతుక్కూర్చుని విసిరాడు. తప్పింది. మళ్ళీ విసిరాడు, చెప్పు ఇంకా అవతలకి పోయింది. అప్పటికి చుట్టూ ఇరవై మంది చేరారు. ఆ బార్జీ మీద బనీను మనిషి పైనుంచి ఏదో అరుస్తూ చేత్తో దిక్కు చూపిస్తున్నాడు, ఇంకొంచెం ఎడమకి, ఎడమకి అన్నట్టు. మూడోసారి కొక్కెం చెప్పు పట్టీలో పడింది. పైకి వచ్చిన చెప్పుకి నాచు, ఒక ప్లాస్టిక్ కవరు. జనం చప్పట్లు కొట్టారు. ఆయన మాత్రం నవ్వకుండా చెప్పుని నేలకేసి రెండుసార్లు దులిపి, పాప కాలికి తనే తొడిగాడు.

నాకు వచ్చిన కాంటనీస్ మాట ఒక్కటే, థాంక్స్ చెప్పేది, "మ్‌గోయ్". అదే నాలుగుసార్లు చెప్పాను. మా ఆవిడ జంతికల డబ్బా చాపింది. ఆయన ఒకటి తీసుకుని కొరికి, నమిలి, తలూపి, మిగిలిన ముక్కని చూసి ఏమనుకున్నాడో గాలానికి గుచ్చబోయాడు. అది విరిగిపోయింది. ఇంకో ముక్క గుచ్చి విసిరాడు. అరగంట చూశాం. హాంకాంగ్ చేపలకి మన జంతికలు ఎక్కలేదు. ఆ తరవాత మూడేళ్ళు మేం కనపడితే ఆయన గడ్డం కొంచెం పైకెత్తేవాడు. అంతే స్నేహం. పేరు కూడా తెలీదు.

ఆ చోటు ఎందుకంత నచ్చిందా అని ఆలోచిస్తే, అక్కడ మమ్మల్ని ఎవరూ రమ్మనలేదు, పొమ్మనలేదు. పని వాళ్ళది, తీరిక మాది. సరుకు తగ్గింది కాబట్టే మాకు జాగా దొరికిందని నా అనుమానం. 2004 దాకా కంటైనర్లలో ప్రపంచంలోకెల్లా పెద్ద పోర్టు హాంకాంగే. ఆ తరవాత సింగపూర్, షాంఘై దాటేశాయి. రేవులో పని పల్చబడితే మధ్యలో ఖాళీలు, ఆ ఖాళీల్లో మేం. మన పాత పోర్టు గోడౌన్ల దగ్గర మనం క్రికెట్ ఆడుకున్నది కూడా అలాగే కదా, కొత్త డీప్ వాటర్ పోర్టు వచ్చి, ఇవతల సందడి తగ్గాక. అప్పుడు మనకి ఆ లెక్క తెలీదు. జాగా దొరికింది, ఆడుకున్నాం.

మా తప్పు లేదని మాత్రం అననురా. ఇన్‌స్టాగ్రామ్ పేరు పడ్డాక శని ఆదివారాలు చూడాలి. సెల్ఫీ కోసం ఫోర్క్‌లిఫ్ట్ ఎక్కినవాళ్ళున్నారు. క్రేను కింద సరుకు వేలాడుతుంటే దాని కింద పోజు. దొంతర్ల మీద ఎక్కి కూర్చోవడం, బీరు డబ్బాలు అక్కడే వదిలేయడం. లోడు ఎత్తేటప్పుడు ఒక మనిషి ఎప్పుడూ "సియూ సామ్, సియూ సామ్" అని అరుస్తూ ఉండేవాడు, జాగ్రత్త అని. రోజుకి వందసార్లు అరిస్తే ఎవడికి కోపం రాదు? మీ నాన్నగారి బార్జీ ఎక్కి మనం దూకుళ్ళు ఆడితే ఆయన తెడ్డు పట్టుకుని వెంటపడ్డారే. ఆ తెడ్డు దెబ్బ నాకు, నీకు కాదు, అది కూడా గుర్తుంది.

2021 మార్చిలో గేటు మూశారు. కరోనా రోజులు. నలుగురికి మించి గుమికూడకూడదని రూల్. ఒక సోమవారం సాయంత్రం చాప చంకలో పెట్టుకుని వెళ్తే గేటు దగ్గర అడ్డు, కాపలా మనిషి, బోర్డు. పనిలేనివాళ్ళు లోపలికి వస్తే పదివేల హాంకాంగ్ డాలర్ల దాకా జరిమానా, జైలు కూడా అని. ఆ చట్టం కొత్తదేం కాదు, ఎప్పటినుంచో ఉన్నదే. ఇన్నేళ్ళూ ఎవరూ తీసి చదవలేదు. గేటు అవతల రేవు మామూలుగానే ఉంది, క్రేను తిరుగుతోంది, బొంగులు దిగుతున్నాయి. పాప "మనం పబ్లిక్ కాదా నాన్నా?" అంది. అప్పటికి తనకి చదవడం వచ్చేసింది, బోర్డు మీద పేరు చదివింది. నాకు ఏం చెప్పాలో తోచక ఐస్‌క్రీం కొనిచ్చాను.

కరోనా పోయింది. ఈ మార్చిలో మాస్కులూ తీసేశారు. గేటు మాత్రం తీయలేదు. పక్కనే కెనెడీ టౌన్ వైపు బెల్చర్ బే ప్రొమనాడ్ అని ఒకటి కట్టారు. బాగుంది. చెక్క బల్లలున్నాయి, పిల్లలు ఆడుకుంటారు, సూర్యుడు అదే సూర్యుడు. మేం ఇప్పుడు అక్కడే కూర్చుంటున్నాం. నిజం చెప్పాలంటే పాపకి అదే ఇష్టం, పరిగెత్తితే నేను కేకలెయ్యను, రెయిలింగ్ ఉంది కదా. నాకే ఏదో లోటు. ఆ రెయిలింగ్ మీద మోచేతులు పెట్టుకుని పాత రేవుకేసి చూస్తుంటా. ఊరికి అవతల గట్టున కున్ టాంగ్ అని ఉంది. అక్కడ కూడా ఇలాంటి సరుకు రేవే ఉండేది, దాన్ని పూర్తిగా తీసేసి విహారానికి పెట్టారు. ఒక ఆదివారం వెళ్ళి చూశాం. చాలా అందంగా ఉంది, చెక్క నేల, లైట్లు. గంటసేపు నడిచాను. ఒక్క తాడు కనపడలేదు, ఒక్క బార్జీ కనపడలేదు. ఇంటికి వచ్చేశాం.

రెండూ కలిపి ఉంచడం అంత కష్టమా అని అనిపిస్తుంది నాకు. పొద్దున సరుకు, సాయంత్రం జనం. లోడు ఎత్తే గంట అటు పోవద్దని ఒక పసుపు గీత గీస్తే చాలు. "గీత గీస్తే మనవాళ్ళు ఆ గీత మీదే కూర్చుని ఫొటో తీసుకుంటారు" అంది మా ఆవిడ. దానికి నా దగ్గర జవాబు లేదు.

మొన్న సెప్టెంబరులో సావోలా తుఫాను వచ్చింది, పదో నంబరు హెచ్చరిక ఎగరేశారు, ఇక్కడ అంతకంటే పెద్దది లేదు. అది పోయిన వారానికే ఒక రాత్రి గంటలో 158 మిల్లీమీటర్ల వాన. 1884 నుంచి లెక్కలు రాస్తున్నారట, అంత వాన ఎప్పుడూ పడలేదట. నీకు ఫోన్ చేశాను కదా ఆ రాత్రి, నువ్వు "మనకి తొంభయ్యారులో వచ్చిన దానిముందు ఇదెంత" అని కొట్టిపారేశావు. తెల్లారి నేను చూడ్డానికి వెళ్ళాను. గేటు సందులోంచి చూస్తే లోపల సిమెంటు నిండా నీళ్ళు. అంత పెద్ద మడుగు. ఆ చివరినుంచి ఈ చివరిదాకా ఆకాశం, క్రేన్లు, వంతెన, అన్నీ తలకిందులుగా. ఫొటో తీసేవాడు ఒక్కడు లేడు. బనీను మనిషి ఒక్కడే పెద్ద చీపురుతో ఆ నీళ్ళని సముద్రంలోకి తోస్తున్నాడు.

సరేరా, ఇక ఆపుతా. నాకో పని చేసిపెట్టు. ఆదివారం ఖాళీ ఉంటే జగన్నాథపురం వంతెన మీద నిలబడి ఉప్పుటేరులో బార్జీలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి రాయి. ఫొటో తీస్తే మీ నాన్నగారిని కూడా అందులో నిలబెట్టు. అమ్మకి, చెల్లెమ్మకి నమస్కారాలు చెప్పు, పిల్లలకి ముద్దులు. జనవరిలో వస్తాం, కాజా కిలో కాదు, రెండు కిలోలు తెచ్చిపెట్టు, ఇక్కడ ఆఫీసులో వాళ్ళకి అలవాటు చేసేశాను.

ఉంటా,
నీ శీను

తా.క.: జవాబు రాయి. వాయిస్ మెసేజ్ పెట్టావంటే వినను.